గిద్దలూరు మ్యాట్నీలో నా శోకం

మా ఊరి నుంచి దొనకొండ స్టేషన్‌కు కాలినడకన గంటన్నర. శనివారం ఉదయం ఆరున్నర ప్యాసింజరు అందుకోవాలని తెల్లవారకముందే లేచాను. రెండు సజ్జరొట్టెలు, వాటిలోకి ఉల్లికారం గుడ్డలో మూటగట్టుకుని బయల్దేరాను. ఆ దారిలో తేళ్లు ఎక్కువ, వచ్చేవాళ్లు చెప్పులు మరవొద్దు. నేను పోతున్నది సినిమాకు. దెయ్యం సినిమా. అందులో తెల్లచీర కట్టుకుని తిరిగేది ఎవరో మద్రాసు పిల్ల. ఏడ్చేది మాత్రం నేను.

నా పేరు కోటమ్మ. సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా ఊరి పంతులుగారి భార్య రాసిపెడుతున్నది.

ప్రయాణం ఎందుకు పడిందో చెబుతాను. శుక్రవారం సాయంత్రం మార్కాపురం నుంచి వచ్చిన గొర్రెల బేరగాడు ఒక కబురు తెచ్చాడు. పంపింది మాలకొండయ్య, ఆ సినిమా తీసిన మనిషి.

"కోటమ్మక్కా, ఆదివారం గిద్దలూరులో మ్యాట్నీ అయినాక నీ ఏడుపు కత్తిరిచ్చి పారేస్తారంట. ఇనాల్నంటే ఆ లోపల రమ్మన్నాడు. మల్ల నన్ను అనొద్దు అన్నాడు."

మద్రాసు పోయి ఏడ్చి వచ్చానే గానీ ఆ ఏడుపును నా చెవులతో ఒక్కసారీ వినలేదు. మార్కాపురంలో సినిమా ఆడినన్ని రోజులూ నేను శనక్కాయ చేలో ఉన్నాను. ఇప్పుడు వినకపోతే ఇక లేదు. పెద్ద కంపెనీల సినిమా ఒకేసారి చాలా ఊళ్లలో ఆడుతుంది, ఒకచోట తెగినా ఇంకోచోట ఉంటుంది. మాలకొండయ్య సినిమాకు కాపీ ఒక్కటే. అందులో కత్తెర పడితే పడినట్టే.

అంత పట్టింపు ఎందుకంటే, అది మా ఆయన మీద ఏడ్చిన ఏడుపు. మా ఆయన గొర్రెల కాపరి, పేరు యోగయ్య. మూడేళ్ల కిందటి ఎండాకాలంలో పాడుబడ్డ బావిలో గొర్రెపిల్ల పడితే దిగాడు. పిల్లను పైవాళ్లకు అందించాడు. ఆ వెంటనే గట్టు విరిగి మీద పడింది.

మా వైపు చావు ఇంట్లో ఆడవాళ్లు ఊరికే ఏడవరు. పోయిన మనిషి చేసిన పనులన్నీ ఒక్కొక్కటే చెప్పుకుంటూ రాగం తీస్తారు. శోకం పెట్టడం అంటాం. ఒకామె శోకం మొదలుపెడితే విన్న ఆడది ఎవరైనా సరే, చుట్టం కాకపోయినా వచ్చి భుజం పట్టుకుని తోడు ఏడవాలి. ఒంటరిగా ఏడవనివ్వడం తప్పు. ఇంకో కట్టు కూడా ఉంది. ఏడాది తిరిగాక ఆ మనిషి మీద శోకం పెట్టకూడదు, ఇంటికి మంచిది కాదు. మా బావ, అంటే మా ఆయన అన్న, సంవత్సరీకం నాడే చెప్పేశాడు. "సాలమ్మా ఇంగ. ఈ ఇంట్లో ఇంగ ఏడుపు ఇనపడగూడదు." నేను నోరు కట్టేసుకున్నాను. గొంతు ఆ ఏడాదిలోనే జీరబోయింది, మళ్లీ బాగుపడలేదు.

మాలకొండయ్య అప్పట్లో ఊరూరా టెంటు సినిమా నడిపేవాడు. మా ఆయన పోయిన రోజు పొద్దుగూకే వేళ మా ఊరి పక్కనే ఆట మొదలుపెట్టాడు. నా గొంతు విని టెంటులోని ఆడవాళ్లంతా లేచి మా ఇంటికి వచ్చేశారు, వాళ్ల వెనక మగవాళ్లూ వచ్చారు. టెంటు ఖాళీ. ఆయన కోపం తెచ్చుకోలేదు, ఆ గొంతును మనసులో పెట్టుకున్నాడు. ఏడాదిన్నర తర్వాత సొంతంగా దెయ్యం సినిమా తీస్తూ మా ఇంటికి వచ్చాడు.

"అక్కా, మా హీరోయిను ఏడిస్తే పిల్లి అరిచినట్టుండాది. నువ్వు మద్రాసుకొచ్చి దెయ్యం మాదిరి ఏడ్వాల."

"దెయ్యం ఎట్ల ఏడుస్తాదో నాకేం తెలుసు నాయనా? పోయినోళ్ల మీద మేము ఏడుస్తాం. పోయినోళ్లు ఏడ్చింది నేను ఇనలేదు" అన్నాను.

"నీకు ఎట్లొస్తే అట్ల ఏడ్వు."

మద్రాసులో ఏదో పెద్ద కంపెనీ వాళ్లు రాని పూట చూసుకుని ఆయన రికార్డింగు గది పట్టాడు. నాలుగు గోడలకూ పరుపుల్లాంటివి కొట్టి ఉన్నాయి. తలుపు వేస్తే నా ఊపిరి నాకే వినబడింది. నోటి ముందు ఒక ఇనుప కాయ వేలాడదీశారు. ఇక్కడ ఎంత ఏడ్చినా పక్క గదికి కూడా వినబడదమ్మా అన్నారు. పక్క గదికే వినబడనిది మా బావకు ఏం వినబడుతుంది? చచ్చిన మనిషి లేకుండా ఏడవడం నాకు చేతకాదు, అందుకే నా మనిషినే తలుచుకున్నాను. అద్దం అవతల మిషను దగ్గర కూర్చున్నది అరవాయన. చాలు చాలు అని చెయ్యి ఊపాడట. నేను చూడలేదు.

ఇక ప్రయాణానికి వస్తాను. బండి ఏడింటికి వచ్చింది. మూడో తరగతి పెట్టెలో నా పక్కన వెదురుబుట్టలు అమ్ముకునే ఆమె కూర్చుంది.

"ఒక్కదానివే యాడికి పోతుండావక్కా?"

"సినిమాకు."

"మొగుడు పోయినదానివి, రైలెక్కి సినిమాకా!"

"చూసేదానికి కాదులే, ఇనేదానికి" అన్నాను. ఆమె నా వైపు ఒకసారి, నా మూట వైపు ఒకసారి చూసి బుట్టలు కొంచెం అవతలికి జరుపుకుంది. గజ్జెలకొండ దాటాక మాత్రం తనే ఆకూ వక్కా ఇచ్చింది.

మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగేసరికి ఎనిమిదిన్నర. కొత్తవాళ్లు గుర్తుపెట్టుకోవాలి, స్టేషను ఒకచోట, ఊరు ఇంకోచోట. జట్కా ఎక్కాలి, మనిషికి పావలా. ఊరు దగ్గరపడుతుంటే పలకల రాయి చీల్చే చప్పుడు వినబడుతుంది. అక్కడి ఆడవాళ్ల చేతులూ కనురెప్పలూ అన్నీ పలక రంగే. జట్కా సాయిబును ఆ దెయ్యం సినిమా చూశావా అని అడిగాను.

"చూసినానమ్మా. భయం లేదు, గియం లేదు. మా ఇంటామె ముక్కు చీదుకుంటా ఇంటికొచ్చింది. దెయ్యం సినిమా అని చెప్పి చావింటికి తోల్కపోయినావే అని నన్ను తిట్టింది."

మాలకొండయ్య ఇంట్లో పెళ్లాం రాములమ్మ కాళ్లకు నీళ్లిచ్చింది. సినిమా అప్పటికే మార్కాపురం హాల్లోంచి దిగిపోయి, ఆ హాలుకు పెద్ద కంపెనీ సినిమా వచ్చింది. మా సినిమా రేకుపెట్టెల్లో, తాళాలతో, వాళ్ల నడవలో ధాన్యపు బస్తాల పక్కన ఉంది. మధ్యాహ్నం జొన్న సంకటి, గోంగూర పెట్టారు. తింటూ మాలకొండయ్య సినిమా ఎలా తీసిందీ చెప్పాడు. దిగువమెట్ట అడవి పక్కన పాడుబడిన బంగళా ఒకటి దొరికిందట. అర్ధరాత్రి అని చూపించేదంతా మిట్టమధ్యాహ్నం తీసిందే. కెమెరా ముందు నల్ల అద్దం పెడితే ఎండ వెన్నెల అవుతుందట. పచ్చిగడ్డి కాల్చి, సాంబ్రాణి వేసి పొగ పుట్టించారు. దెయ్యం నేలకు తగలకుండా తేలాలి కదా, ఆ పిల్లను ఎద్దుబండి మీద నిలబెట్టి మెల్లగా తోలారు.

"ఎద్దుల మెడలో గంటలు ఇప్పడం మర్సిపోయినాం. మొదటి రోజు తీసిందంతా మల్ల తీస్తిమి" అన్నాడు.

"ఈయన దెయ్యం సినిమా కాదమ్మా, ఎద్దుల సినిమా తీసినాడు" అంది రాములమ్మ.

తీయడం ఒక ఎత్తు, ఊళ్లలో ఆడించడం ఇంకో ఎత్తు అన్నాడు మాలకొండయ్య. మనకు రాష్ట్రం వేరే వచ్చినా సినిమా పుట్టేది మద్రాసులోనే. పండగలకు పెద్ద కంపెనీలు హాళ్లన్నీ నెలల ముందే పట్టేస్తాయి. వాళ్ల సినిమా ఒకటి దిగి ఇంకోటి ఎక్కే మధ్య సందులో నాలుగు రోజులు దొరికితే ఆయన పెట్టెను దూర్చాలి. నంద్యాల రంగయ్య శెట్టి అనే ఆయన ఈ సినిమాను రాయలసీమ ఊళ్లకు తీసుకుపోతానన్నాడు. ఆయన తీసుకుంటే నంద్యాల, కర్నూలు, అనంతపురం తిరుగుతుంది. లేకపోతే అటక ఎక్కుతుంది. శెట్టి పెట్టిన షరతు ఒక్కటే, నా ఏడుపు తీసేసి మద్రాసులో అమ్మే కేక ఒకటి తెచ్చి అతికించాలి.

"ఎందుకంట?" అన్నాను.

"దెయ్యం వచ్చినప్పుడు జనం అరవాలక్కా. మార్కాపురంలో అరవల్యా. ఆడోళ్లంతా కూచ్చోని ఏడ్చినారు."

"తోడు ఏడ్చినారా?"

"ఏడ్చినారు."

చేతిలో సంకటి ముద్ద పళ్లెంలో పెట్టేశాను. నీళ్లు తాగి లేచాను. ఆ రాత్రి వాళ్ల ఇంట్లోనే పడుకున్నాను.

ఆదివారం పొద్దున మళ్లీ జట్కా, మళ్లీ స్టేషను. పెట్టెలు గార్డు బండిలో వేశారు. తర్లుపాడులో, కంభంలో బండి ఆగినప్పుడల్లా మాలకొండయ్య దిగి పరుగెత్తి పెట్టెలు ఉన్నాయో లేదో చూసి వచ్చేవాడు.

"దాన్నెవురు ఎత్తుకపోతారు నాయనా?" అన్నాను.

"ఎత్తుకపోతే మేలక్కా, వాడన్నా ఆడిస్తాడు" అన్నాడు.

పదకొండున్నరకు గిద్దలూరు. స్టేషన్ పక్కన వెదురు మోపులు, కట్టెలు కొండల్లా పడి ఉన్నాయి. అడవి మీద నుంచి గాలి వస్తుంది, మా వైపు కంటే చల్లగా ఉంటుంది. బజారులో అన్నం హోటలు ఉంది, పప్పు బాగుంటుంది, మజ్జిగ మాత్రం నీళ్లే. సినిమా హాలు రేకుల షెడ్డు, కిటికీలకు నల్లగుడ్డలు కట్టి చీకటి చేస్తారు. రంగయ్య శెట్టి వాకిట్లోనే గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. లావాటి మనిషి, మాట మెత్తన.

"ఈమేనా?" అని మాలకొండయ్యను అడిగి, నా వైపు తిరిగాడు. "అమ్మా, కోపం తెచ్చుకోవద్దు. ఏడుపు మంచిదే. దెయ్యానికి పనికిరాదు. ఈ పూట కూడా చూస్తా. జనం భయపడకపోతే మాత్రం తీసెయ్యాల."

రెండున్నరకు ఆట. ఆడవాళ్ల వైపు నిండిపోయింది. నా పక్కన చంటిపిల్లతో ఒక పడుచామె కూర్చుంది. కథ మామూలే. జమీందారు ఇంటికి వచ్చిన కొత్త కోడలిని అత్తమామలు చంపుతారు, ఆమె దెయ్యమై తిరుగుతుంది. సగం కథ అయ్యాక బంగళా చూపించారు. పొడుగాటి వసారా, ఎవరూ లేరు. తలుపు దానంతట అదే తెరుచుకుంది. అప్పుడు వచ్చింది గొంతు.

"ఓ నా యోగయ్యా... పిల్లను అందిస్తివే నాయనా, నీ చెయ్యి అందియ్యకపోతివే... గొంగడి గట్టున పెట్టి పోతివే, దాన్ని నేనెట్ల మడత పెడుదు..."

నా గొంతు అంత గరుకుగా ఉంటుందని నాకే తెలియదు. తెర మీద చచ్చింది జమీందారు కోడలు, వినబడేదేమో గొర్రెలు, గొంగడి, బావి. నవ్వుతారేమో అనుకున్నాను. ఒక్కరూ నవ్వలేదు. ముందు వరసలో ఎవరో "అయ్యో నా తల్లీ" అన్నారు. ఇంకొకామె రాగం అందుకుంది. నాలుగు మాటలు అయ్యేసరికి ఆడవాళ్ల వైపంతా కదిలిపోయింది. ఒకరి భుజం ఒకరు పట్టుకున్నారు. తెర మీద ఏడ్చేదాన్ని పట్టుకోలేరు కదా.

నేను బిగబట్టుకుని కూర్చున్నాను. ఏడాది ఎప్పుడో దాటింది, ఆయన మీద నేను ఏడవకూడదు. పక్కనున్న పడుచామె నా మోచెయ్యి పొడిచింది.

"ఏందక్కా అట్ల కూచ్చుండావు? రాయివా ఏందీ? ఆ తల్లి ఒక్కతే ఏడుస్తాంటే నోరు తెరవ్వేంది?"

అప్పుడు తట్టింది నాకు. శోకం పెట్టడానికే గడువు, తోడు ఏడవడానికి గడువు లేదు. ఎవరు ఏడుస్తున్నా తోడు పోవాల్సిందే. నేను నోరు తెరిచాను. ఆ పడుచామె నా భుజం మీద చెయ్యి వేసింది. తెర మీది కోటమ్మ ఏడుస్తుంటే కింది కోటమ్మ తోడు ఏడ్చింది. ఎంతసేపో తెలియదు. ఆ ముక్క అయిపోయి ఎవరో హాస్యగాడు వచ్చి పడిపోతే అందరం కళ్లు తుడుచుకుని నవ్వాం కూడా.

ఆట వదిలాక శెట్టి మిషను గది మెట్ల దగ్గర తల అడ్డంగా ఊపుతూ ఉన్నాడు. "చూస్తివా మాలకొండయ్యా? ఇదే జరుగుతుందంటి. తియ్యి కత్తెర."

మాలకొండయ్య నా ముఖం చూడలేక పెట్టె తెరిచి ఫిలిం చుట్ట బయటికి తీశాడు. నేను అడ్డం పోయాను.

"అయ్యా, తీసేస్తే అది ఇంగ యాడా ఉండదు."

"నాకు తెలుసమ్మా. నేను కూడా దుకాణం నడపాల కదా. భయపడాల్నని వచ్చినోళ్లను ఏడిపిస్తే రేపు ఎవురొస్తారు?"

అంతలో ఒక ముసలామె జనాన్ని తోసుకుంటూ వచ్చింది. తర్వాత తెలిసింది ఆమె పేరు బాలమ్మ, ఆ ఊరి ఆమే. నేరుగా శెట్టినే అడిగింది.

"సామీ, గొర్రెపిల్ల కోసరం బాయిలో దిగిన ఆ పిలగాడిది ఏ ఊరు? దినం ఎప్పుడు? మేము ఐదారుమంది ఆడోళ్లం పోయొస్తాం."

శెట్టి మాలకొండయ్య వైపు చూశాడు. నేనే చెప్పాను. "ఆయన దినం అయిపోయి మూడేండ్లాయె అత్తా. దొనకొండ పక్కన."

బాలమ్మ నా గొంతు విని గిరుక్కున తిరిగింది. దగ్గరికి వచ్చి గడ్డం పట్టుకుని ముఖం వెలుతురుకు తిప్పింది.

"నువ్వేనా?"

"నేనే."

"ఒక్కదానివే వచ్చినావా ఇంత దూరం?" అని నా భుజం పట్టుకుంది, ఇక వదల్లేదు.

శెట్టి గొంతు సవరించుకున్నాడు. "అవ్వా, ఒకటడుగుతా. నీకు భయం కాలేదా సినిమా చూసి?"

"తెల్లచీర దాన్ని చూసా? దానికేం భయం! ఎవురో బండి మీద నిలబెట్టి లాగినట్టుండాది."

మాలకొండయ్య తల దించుకున్నాడు.

"ఇంగ దేనికీ భయం కాలేదా?"

"అయింది సామీ. అంత పెద్ద ఇల్లు. ఆ తల్లి అంతసేపు ఏడిస్తే ఒక్క ఆడది రాలేదే! తలుపులు తెరుచుకున్యాయి గాని మనిషి రాలేదే! ఆ వసారా చూస్తే నా ఒళ్లు జలదరించింది. మేం కూడా ఊరకుంటే మా ఇండ్లు గూడా అట్లనే అయితాయని ఏడిస్తిమి. రేపు మా చెల్లెల్ని తోలకొస్తా. దానికి కొడుకు పోయినాడు, ఏడాది దాటింది. ఏడ్వను చోటు లేక అల్లాడుతుండాది."

ఆమె వెనక ఉన్న ఆడవాళ్లు కూడా ఒకరు అత్తను, ఒకరు వదినెను తెస్తామన్నారు. శెట్టి గొడుగు మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు.

"మాలకొండయ్యా, ఆ ఖాళీ వసారా చూపిస్తావే, అది ఇంకొంచెం సేపు చూపీగలవా?"

"తీసినప్పుడు మిగిలిన ముక్కలు ఉండాయి శెట్టిగారూ. అతికిస్తా."

"అతికించు. కత్తెర లోపల పెట్టు." తర్వాత నన్ను అడిగాడు. "అమ్మా, యోగయ్యా అని పేరు వస్తాది. జమీందారు పేరు వేరే కదా. ఆ ఒక్క మాట తీసెయ్యమంటావా?"

"పేరుండనీ అయ్యా" అన్నాను.

గిద్దలూరులో ఆడవాళ్లు దిగడానికి సత్రం ఏదీ నాకు కనబడలేదు. రెండు రోజులు బాలమ్మ ఇంట్లోనే ఉన్నాను. సోమవారం మ్యాట్నీకి ఆమె చెల్లెలు వచ్చింది. నేను ఆమె పక్కనే కూర్చున్నాను. నా ఏడుపు వచ్చినప్పుడు ఆమె తన కొడుకు పేరు పెట్టి ఏడ్చింది, ఆమె భుజం నేను పట్టుకున్నాను. ఇంటికి పోయేటప్పుడు ఆమె దారిలో ఆగి బఠాణీలు కొనుక్కుంది. చాలా రోజుల తర్వాత నోటికి రుచి తెలిసిందంది.

మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకు గిద్దలూరులో రెండు బండ్లు దాటుకుంటాయి. ఒకటి నంద్యాల పోయేది, ఒకటి దొనకొండ మీదుగా గుంటూరు పోయేది. మాలకొండయ్యా శెట్టీ కలిసి పెట్టెలను నంద్యాల బండి గార్డు దగ్గర ఎక్కించారు. "పోయొస్తామక్కా" అన్నాడు మాలకొండయ్య. నేను అవతలి బండి కిటికీలోంచి చూశాను. బతికినన్నాళ్లూ మా ఆయన రైలు ఎక్కలేదు. గొర్రెలు తోలుకుని మార్కాపురం సంత దాకా పోయేవాడు, అదీ నడిచే. ఇప్పుడు కొండలు తొలిచిన బొగదలు దాటి నంద్యాలకు, అక్కడి నుంచి కర్నూలుకు, అనంతపురానికి పోతున్నాడు.

ముందు ఆయన బండి కదిలింది. తర్వాత నాది కదిలింది. ఆయన పడమరకు, నేను తూర్పుకు. ఏడుపు వస్తుందేమో అనుకున్నాను, రాలేదు. ఆయనకు ఏడ్చే ఆడవాళ్లు ముందు ఊళ్లలో చాలామంది ఉన్నారు. కంభం వచ్చేసరికి నాకు ఆకలి వేసింది.